ఉత్తరపు గదిలో పంతొమ్మిది సీసాలు

"హాల్లో అయితే అమ్మకి కాలక్షేపంగా ఉంటుంది" అన్నాడు ఆయన, ఇరవయ్యోసారి.

"ఆ కాలక్షేపమేదో సీసాలకే ఇప్పించండి. వాటినే హాల్లో పెట్టండి" అంది ఆవిడ, ఇరవై ఒకటోసారి.

మూడు వారాలుగా ఆ ఇంట్లో టీ కప్పులతో పాటు లేచి దుప్పట్లతో పాటు పడుకుంటున్న తగువు ఇదొక్కటే. ఉత్తరపు గది ఎవరిది? పోటీలో రెండు పక్షాలు. ఒక పక్షం డెబ్భై ఎనిమిదేళ్ళ అత్తగారు. రెండో పక్షం, రాబోయే దానితో కలిపి, పంతొమ్మిది స్కాచ్ విస్కీ సీసాలు.

పాఠకులారా, తొందరపడి అత్తగారి వైపు మొగ్గకండి. నిదానంగా ఆలోచిస్తే న్యాయం సీసాల వైపే ఉంది! సంసారం చల్లగా సాగాలంటే ప్రతి ఇంట్లోనూ ఎవరూ తాగని విస్కీ కొంత ఉండి తీరాలి. తాగేవాడి ఇల్లాలి కష్టాలు ఊరందరికీ తెలుసు. తాగకుండా దాచుకునేవాడి ఇల్లాలి సుఖం ఎవరికీ తెలియదు. దాన్ని లోకానికి చాటడమే ఈ వ్యాసం ధ్యేయం.

ముందు ఇంటాయన గురించి. కాలేజీ ఆఫీసులో సూపరింటెండెంటు. దగ్గుమందు రెండు చెంచాలు వేసుకుంటే మర్నాడు పదింటిదాకా లేవని మనిషి. పదకొండేళ్ళ క్రితం ఎవరో రిటైరవుతూ ఆయనకి ఒక విస్కీ సీసా బహుమతిగా ఇచ్చారు. తాగడం చేతకాదు కనుక సీసాతో పాటు వచ్చిన చిన్న పుస్తకం చదివాడు. అంతే, పడిపోయాడు. సీసా తాగి పడిపోయినవాళ్ళు కోకొల్లలు. సీసాతో వచ్చిన పుస్తకం చదివి పడిపోయినవాడు మాత్రం ఈయనొక్కడే.

ఆ పుస్తకంలో ఏముంది? చరిత్ర! ఎక్కడో పొగమంచు కమ్మిన కొండల కింద, ఓ వాగు ఒడ్డున, రెండు వందల ఏళ్ళ క్రితం ఒకాయన విస్కీ బట్టీ పెట్టాడు. ఆయన కొడుకు దాన్ని పెంచాడు. మనవడు ముంచాడు. మునిమనవడు మళ్ళీ తేల్చాడు. ఆ కంపెనీ వాళ్ళు ఈ ఘనచరిత్రని వదిలిపెట్టకుండా ఏడాదికి రెండుసార్లు సీసాలో పోసి అమ్ముతున్నారు. మూలపురుషుడి పేరున ఒక సీసా. ఆయన భార్య పేరున ఒకటి. బట్టీ తగలబడిన సంవత్సరానికి ఒకటి, మళ్ళీ కట్టిన సంవత్సరానికి ఒకటి. పీపాలు చేసిన వడ్రంగికి ఒకటి. ధాన్యంలో ఎలుకల్ని పట్టిన పిల్లికి ఒకటి. పిల్లి సీసా మీద దాని మీసాలు బంగారు గీతల్లో ఉంటాయి.

ఇంత చరిత్ర ఇంట్లో ఉంటే పిల్లల చదువుకి ఎంత మేలు! పదో తరగతి చదివే కూతురికి స్కూల్లో "మీ కుటుంబం నాలుగు తరాల చరిత్ర రాయండి" అని పని ఇచ్చారు. "నాన్నా, తాతయ్య వాళ్ళ నాన్న ఏం చేసేవారు?" అని అడిగింది ఆ పిల్ల. "ఏదో చేసేవాడు. నానమ్మని అడుగు" అన్నాడాయన, పిల్లి సీసా తుడుస్తూ. నానమ్మ నిద్రపోతోంది. పిల్ల తెలివైనది. విస్కీ కంపెనీ వారి ఏడు తరాలూ తెల్లవారేసరికి రాసి ఇచ్చేసింది. పదికి పది మార్కులు. "ఎంత గొప్ప వంశమమ్మా మీది" అని టీచరు కళ్ళు చెమర్చాయట.

ఆరోగ్యానికీ మంచిదే. విస్కీ సీసాని ఎప్పుడూ నిలబెట్టే ఉంచాలి. పడుకోబెడితే లోపలి సరుకు బెండు బిరడాకి తగిలి, బిరడా నాని, రుచి చెడుతుంది. ఎండ తగలకూడదు. వేడి ఒకేలా ఉండాలి. అందుకని ఆయన థర్మామీటరు పట్టుకుని ఇల్లంతా రోజుకి నాలుగుసార్లు తిరుగుతాడు. డాక్టరు చెప్పినప్పుడు పది అడుగులు నడవని మనిషి!

"ఇరవై రెండు డిగ్రీలు దాటకూడదోయ్. ఈ ఇంట్లో కాస్త దగ్గరగా వచ్చేది ఉత్తరపు గది ఒక్కటే" అన్నాడాయన ఆ ఉదయం.

ఇల్లాలు మందుల షాపులో పనిచేస్తుంది. పొద్దున్న ఎనిమిది నుంచి మూడు దాకా కౌంటరు వెనక నిలబడి, చీటీలు చదివి, కవర్ల మీద పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అని ఎర్ర మార్కరుతో రాసి ఇస్తుంది. డిగ్రీల సంగతి ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు.

"చల్లని, పొడి ప్రదేశంలో, వెలుతురు తగలకుండా ఉంచవలెను. మా షాపులో ప్రతి డబ్బా మీదా అదే రాసుంటుంది. అలాగని ఏ డబ్బా కోసమూ మనిషిని లేపి వసారాలోకి పంపమని రాసి ఉండదు" అంది.

"వసారా అని ఎవరన్నారు? హాలు. దివాన్ కాట్ మీద మంచి పరుపు వేయిస్తాను. అమ్మా, నీకేమన్నా అభ్యంతరమా?"

గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చున్న పెద్దావిడ "నీ ఇష్టం నాన్నా" అంది.

ఆ మాట కోడలికి ముల్లులా దిగింది. రాత్రి పెట్టుడు పళ్ళు తీసి గిన్నెలో వేసుకోవడానికి, మోకాలికి మందు రాసుకుంటూ చీర పైకి లాక్కోవడానికి, ఊరికే కాసేపు ఏడవడానికి మనిషికి ఒక తలుపు కావాలి. హాలుకి తలుపులు మూడున్నాయి. ఒక్కటీ వేసుకోవడానికి పనికొచ్చేది కాదు. పాలవాడు, పేపరువాడు, మీటరు చూసేవాడు, కూతురి స్నేహితురాళ్ళు, అందరూ ఆ పరుపు పక్కనుంచే పోవాలి.

అయినా సీసాల పక్షం వదలకుండా మాట్లాడుకుందాం. పెద్దావిడ దగ్గుతుంది, సీసాలు దగ్గవు. ఆవిడకి ఉప్పు తక్కువ వెయ్యాలి. సీసాలకి ఏ పథ్యమూ లేదు. అన్నిటికంటే పెద్ద విషయం, సీసాలోకి దిగాక విస్కీకి వయసు ఆగిపోతుందట! పద్దెనిమిదేళ్ళది ఎప్పటికీ పద్దెనిమిదేళ్ళదే. పెద్దావిడ మాత్రం ఏమాత్రం బాధ్యత లేకుండా ఏటికేడాది ముసలిదవుతోంది. ఇప్పుడు చెప్పండి, చల్లటి గది ఎవరికివ్వాలి?

ఆ శనివారం పొద్దున్నే పంతొమ్మిదో సీసా వచ్చింది. పేరు "తొలి సీసా". కంపెనీ మూలపురుషుడు రెండు వందల ఏళ్ళ క్రితం మొట్టమొదట విస్కీ నింపిన సీసా ఎలా ఉండేదో అచ్చం అలాగే చేయించారట. అట్టపెట్టెలో చెక్కపెట్టె, చెక్కపెట్టెలో పట్టుగుడ్డ, పట్టుగుడ్డలో సీసా. మర్నాడు పొద్దున దాన్ని చూడ్డానికి ఆయనలాగే సీసాలు దాచుకునే బృందం నుంచి ఇద్దరు వస్తున్నారు. ఒకరు పళ్ళ డాక్టరు, ఒకరు డ్రైవింగ్ స్కూలు నడిపే ఆయన.

"ఒక్క పూట ఉత్తరపు గదిలో పెట్టి చూస్తాను. వేడి ఎంతుందో తెలుస్తుంది. ప్రయోగమే, ఖాయం కాదు" అంటూ ఆయన పంతొమ్మిది సీసాల్నీ తల్లి మంచం పక్క బల్ల మీద, కిటికీ వారన వరసగా నిలబెట్టాడు. పరదా వేశాడు. "అమ్మా, కాస్త చూస్తుండు" అని ఆఫీసుకి వెళ్ళాడు. ఇల్లాలు షాపుకి, కూతురు స్కూలుకి.

చూస్తుండమన్నాడు. పెద్దావిడ చూసింది.

మూడింటికి కోడలు ఇంటికొచ్చేసరికి ఉత్తరపు గదిలో పరదా తీసి ఉంది. అత్తగారు కళ్ళజోడు తుడుచుకుంటోంది. బల్ల మీద పద్దెనిమిది సీసాలు రెండు వేళ్ళ ఎడంతో బారులు తీరి నిలబడి ఉన్నాయి. పంతొమ్మిదోది, కొత్తది, కుడివైపు విడిగా పడుకుని ఉంది. దాని ఒంటి మీద ఎర్ర మార్కరుతో చుట్టిన మూడు సున్నాలు. మెడ మీద పెద్ద ఇంటూ గుర్తు. మాత్రల సీసాల మీద పేర్లు రాసుకోమని కోడలు షాపు నుంచి తెచ్చి ఇచ్చిన మార్కరు అది.

"అత్తయ్యా, ఇదేంటి?"

"తీసేశానమ్మాయ్. పనికిరాదు" అంది పెద్దావిడ ప్రశాంతంగా.

కోడలు వెంటనే సీసాని నిలబెట్టాలి. ధర్మం అదే. ఆవిడ చెయ్యి చాపింది కూడా. మళ్ళీ ఎందుకో వెనక్కి తీసుకుని, టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది.

ఐదున్నరకి సూపరింటెండెంటు గారొచ్చారు. గదిలోకి అడుగు పెట్టి, కుర్చీ వెతుక్కుని కూర్చున్నారు.

"ఎవరు పడుకోబెట్టారు?"

"నేనే" అంది తల్లి. "మా గాజు ఫ్యాక్టరీలో తీసేసిన సీసాని పడుకోబెడతాం. నిలబెడితే ఎవరో ఒకరు మంచిదనుకుని తీసుకుపోతారు. ఒరేయ్, ఇది నీకెవరు అంటగట్టారు? చూడు, మూడు బుడగలు. ఇక్కడొకటి, ఇక్కడ, ఇదిగో భుజం మీద. మెడ ఒంకర. అడుగు ఒక పక్క మందం, ఒక పక్క పల్చన. వేడినీళ్ళు పోస్తే పగులుతుంది. ఇది గేటు దాటి ఎలా వచ్చిందో అని పొద్దున్నించీ అనుకుంటున్నాను. వెనక్కి పంపెయ్."

"అమ్మా, అవి కావాలని పెట్టిన బుడగలు."

"ఎవరు?"

"కంపెనీవాళ్ళు. రెండు వందల ఏళ్ళ క్రితం సీసా అలాగే ఉండేది. అందుకని చేత్తో ఊది, ఒక్కో బుడగా అదే చోట వచ్చేలా చేయించారు. మెడ కూడా అదే ఒంకర."

పెద్దావిడ ఒక ఎర్ర సున్నా చుట్టూ వేలు తిప్పింది. "కావాలని" అంది చివరికి. "మేం రోజుకి ఎన్ని వందలు మళ్ళీ కొలిమిలోకి తోశామో. ఒక్క బుడగ జారిపోతే ఆ పూట జీతం కోసేవాళ్ళు."

ఆయనకి ఇదేమీ వినబడలేదు. అప్పటికే ఫోనులో పళ్ళ డాక్టరుతో మాట్లాడుతున్నాడు. ఎంతసేపు పడుకుంది, ఏ పక్కకి పడుకుంది, ఎవరైనా కదిపారా, లేపేటప్పుడు మెల్లగా లేపండి అని అవతలి నుంచి ప్రశ్నలూ జాగ్రత్తలూ. కోడలు గుమ్మంలో నిలబడి వింటోంది. పోయినేడు అత్తగారు స్నానాలగదిలో జారిపడినప్పుడు ఆఫీసుకి ఫోన్ చేస్తే "ఎక్కువేం తగల్లేదు కదా" అని ఒక్క ప్రశ్నే వచ్చింది. నేలతల్లి మీద పడ్డ మనిషికీ, బల్ల మీద పడుకున్న సీసాకీ తేడా ఉండదా మరి! మనిషికి బెండు బిరడా లేదు.

మార్కరు గుర్తులు తడిగుడ్డకి పోలేదు. సబ్బుకి పోలేదు.

"దేనికి పోతుందే ఇది? నీకు తెలుస్తుంది కదా" అన్నాడు భార్యతో.

తెలుసు. షాపులో రోజూ చేసే పనే. స్పిరిట్‌లో ముంచిన దూదితో ఒక్కసారి తుడిస్తే గాజు మీద మార్కరు మాయం.

"లోపలున్నదే రెండు చుక్కలు దూదికి తగిలిస్తే పోతుందండీ. మూత తియ్యండి" అంది ఆవిడ.

మూత తియ్యడమా! పదకొండేళ్ళలో ఆ ఇంట్లో అంతటి మాట ఎవరూ అనలేదు. ఆయన సీసాని గుండెలకి హత్తుకున్నాడు. నిలువుగానే.

ఆదివారం పదింటికి పళ్ళ డాక్టరు, డ్రైవింగ్ స్కూలాయన వచ్చారు. ఎర్ర సున్నాలు చూసి ఇద్దరూ చావింటికొచ్చినట్టు గొంతు తగ్గించారు.

"ఎవరు చేశారు సార్ ఇది?"

"మా అమ్మ. గాజు ఫ్యాక్టరీలో చేసేది లెండి. ఆ అలవాటు" అన్నాడాయన తల దించుకుని.

డ్రైవింగ్ స్కూలాయన సీసాని కిటికీకి ఎత్తి పట్టాడు. ఒకటి, రెండు, మూడు. "డాక్టరు గారూ, పుస్తకంలో రెండు బుడగలనే కదా రాశారు? ఈ సున్నా లేకపోతే భుజం మీద మూడోది నాకు కనపడేదే కాదు. అమ్మగారూ, మీరెలా పట్టారండీ?"

"నిండు సీసాలో ఊరికే కనపడదు బాబూ. తిప్పాలి. బుడగ నిలబడుతుంది, వెలుతురు జారుతుంది" అంది పెద్దావిడ మంచం మీంచి. "ముప్ఫై ఒక్క ఏళ్ళు అదే పని. వెనక తెల్లటి లైటు, ముందు బెల్టు. నిమిషానికి అరవై సీసాలు పోయేవి. పదేళ్ళు దాటాక కళ్ళతో పని లేదు, తప్పు సీసా వస్తే నా మెడే అటు తిరిగేది."

"అరవయ్యా?"

"పండగ ముందు ఎనభై."

పళ్ళ డాక్టరు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "మరి మిగతావి ఎలా ఉన్నాయమ్మా?"

"శుభ్రంగా ఉన్నాయి. మిషను సీసాలు. అడుగున అంకె ఉంటుంది చూడు, అది మూస నంబరు. ఇది పదకొండు. ఇదీ పదకొండే. ఇది కూడా." ఆవిడ చూపించిన మూడూ మూలపురుషుడు, ఆయన భార్య, పిల్లి. "మూడూ ఒకే మూసలోంచి, దగ్గర దగ్గరగా వచ్చినవి. కాగితం మార్చి అంటించారంతే."

రెండు వందల ఏళ్ళ వంశవృక్షం ఒక్క అంకె ముందు నిలబడి ఉంది. డ్రైవింగ్ స్కూలాయన ఫోను తీసి తన ఇంటికి చేశాడు. "బీరువాలో పై అరలో పిల్లి సీసా ఉంది, దాని అడుగున నంబరు చూడు. పడుకోబెట్టకు. ఎత్తి చూడు."

ఆ తర్వాత సంగతి మీరు ఊహించగలరు. సీసాల్ని వదిలేసి ఇద్దరూ ఆవిడ చుట్టూ చేరారు. గంటన్నర కూర్చున్నారు. కొలిమి ఎప్పుడైనా ఆరిపోయేదా, రాత్రి షిఫ్టుల్లో ఆడవాళ్ళుండేవాళ్ళా, తప్పు పట్టలేక ఎవరైనా ఏడ్చేవాళ్ళా అని అడిగారు. ఆవిడ ఫొటో తీసుకున్నారు. వెళ్ళేముందు పళ్ళ డాక్టరు సూపరింటెండెంటు గారి చెయ్యి పట్టుకుని, "ఆ గుర్తులు చెరపకండి సార్. ఈ సీసాలు లోకంలో చాలానే ఉంటాయి. అసలైన తనిఖీదారు చేత తీసేయించుకున్న సీసా మీదొక్కటే" అన్నాడు.

అందుకే అంటున్నాను, సీసాలు ఇంటికి వరం అని! మనిషి విలువ ఇంట్లోవాళ్ళకి మామూలు కంటికి కనపడదు. ఆ మనిషిని అట్టపెట్టెలో పెట్టాలి, పట్టుగుడ్డ చుట్టాలి, నంబరు వెయ్యాలి, పక్కన ఓ చిన్న పుస్తకం అచ్చువేయించి పెట్టాలి. అప్పుడు పరాయివాళ్ళొచ్చి ఆహా అంటారు. అప్పుడు కొడుకు తల తిప్పి చూస్తాడు.

కొడుకునే అనడం ఎందుకు? వాళ్ళని గుమ్మం దాకా సాగనంపి వచ్చి, కంచాలు సర్దుతూ కోడలు లెక్కేసుకుంది. పద్దెనిమిదేళ్ళుగా అత్తగారి బీపీ ఎంతో తెలుసు. పరగడుపున చక్కెర ఎంతో తెలుసు. ఏ మాత్ర ఏ పూటో నిద్రలో అడిగినా చెబుతుంది. వాగొడ్డు బట్టీలో ఎలుకలు పట్టిన పిల్లి పేరు కూడా తెలుసు. ఈవిడ ముప్ఫై ఒక్క ఏళ్ళు ఏం పని చేసిందో మాత్రం "ఏదో ఫ్యాక్టరీ" అని తెలుసు. మూడు వారాలుగా ఆవిడ గది కోసం పోట్లాడుతున్న మనిషికి తెలిసింది అంతే. ఒక కంచం మీద తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తూ నిలబడింది.

నలుగురూ భోజనానికి కూర్చున్నారు. సూపరింటెండెంటు గారి ముఖం వెలిగిపోతోంది.

"అమ్మా, నేను ఆలోచించాను. నువ్వు ఆ గదిలోనే ఉండు. సీసాలూ అక్కడే ఉంటాయి. ఆదివారాలు మావాళ్ళు ఎవరైనా చూడ్డానికొస్తే నువ్వు కాస్త చెప్పొచ్చు. నీ ఫొటో ఒకటి పెద్దది చేయించి గోడకి పెడదాం. కింద రెండు లైన్లు రాయిస్తాను."

"నానమ్మకి కూడా నంబరు వేస్తావా నాన్నా?" అంది కూతురు.

"నువ్వు తిను."

కోడలు గరిటె పట్టుకుని అత్తగారి వంక చూసింది. "నీ ఇష్టం నాన్నా" అనే మాట ఎప్పుడొస్తుందా అని.

పెద్దావిడ నోట్లో ముద్ద మింగి, మంచినీళ్ళు తాగింది. ఉప్పు అందుకోమన్నంత మామూలుగా అంది:

"సీసాలు సాయంత్రానికి తీసేయించు నాన్నా. నీ మంచం కింద చీకటిగానే ఉంటుంది. నిలబడవు అంటావేమో, మంచం కాళ్ళ కింద ఇటుకలు పెట్టుకో. ఆ బల్ల తీసేస్తే నా గదిలో ఇంకో మంచం పడుతుంది. రేపు వేయించు. మమ్మల్ని ఫ్యాక్టరీలో గంటకోసారి పది నిమిషాలు పడుకోబెట్టేవాళ్ళు, నిలబడీ నిలబడీ చూపు చెదరకుండా. ఈ అమ్మాయి పొద్దుటి నుంచీ షాపులో నిలబడి, మూడింటికి వచ్చి వంటింట్లో స్టూలు మీద కూర్చుంటోంది. రేపటి నుంచి నాలుగున్నర దాకా నా దగ్గర పడుకుంటుంది. ఆ టైములో తలుపు వేసి ఉంటుంది, ఎవరూ కొట్టకండి."